సెల్లార్‌కు మిషన్ కొనే ముందు



వానాకాలం పంటలు మొదలైన దగ్గర్నుంచి మన గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతోంది. బిలోలి వైపు నుంచి అడిగారు, దెగ్లూర్ నుంచి అడిగారు, నాందేడ్ పట్నంలో ఇల్లుండి ఊళ్లో తోట ఉన్నవాళ్లూ అడిగారు. "ఇంటి కింద పెద్ద సెల్లార్ ఉంది, ఖాళీగానే పడి ఉంది, పురుగులకు వాడుకుందామంటే తేమ ఎక్కువ. తేమ లాగే మిషన్ ఏది కొనమంటారు?" అని. డీహ్యూమిడిఫైయర్ అనే పేరు నోరు తిరగకపోయినా షాపువాళ్ల పాంప్లెట్లు మాత్రం అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి.

ఏ కంపెనీ మంచిదో మేము చెప్పబోవడం లేదు. ఆ గదిలో ఏ పని చేయబోతున్నారో తేలకుండా మిషన్ గురించి మాట్లాడడం దండగ అని మా అభిప్రాయం. పట్టు పెంపకంలో తేమ అన్ని వేళలా శత్రువు కాదు. చాకీ పురుగుకు 85 నుంచి 90 శాతం తేమ కావాలి. మూడో దశలో 80 దాకా ఉండొచ్చు. నాలుగో దశకు 70–75కి దిగాలి, ఐదో దశకు 65–70కి. గూళ్లు అల్లేటప్పుడు 60–65 ఉంటే బాగు. అంటే ఒకే పంటలో ఒక గదిని తడిగా, ఇంకో గదిని పొడిగా ఉంచడం మన పని. "తేమ ఎక్కువ" అనే ఫిర్యాదు ఏ గదిలో, ఏ రోజున అన్నది చెప్తే తప్ప అర్థం కాదు.

సెల్లార్ చల్లగా, తేమగా ఉందంటే మొదట మాకు తోచేది ఆకు గది. కోసిన మల్బరీ కొమ్మ వాడిపోకుండా ఉండాలంటే చల్లదనమూ తేమా రెండూ కావాలి. షెడ్డు మూలన తడి గోనెపట్టాలు కప్పి, గంటకోసారి నీళ్లు చల్లి మనం తంటాలు పడేది దానికోసమే కదా. దేవుడిచ్చిన ఆకు గదిని వేలకు వేలు పోసి ఎండబెట్టడమెందుకు? గోడలకు సున్నం వేయించండి, నేల కడిగి శుభ్రం చేయండి, కొమ్మలు నిలబెట్టండి, అంతే. మిషన్ ఊసే వద్దు.

ఐదో దశ పురుగును సెల్లార్‌లో పెంచుదామని ఎవరైనా అంటే మాత్రం మేము గట్టిగా వద్దంటాం. 100 డిఎఫ్ఎల్ గుడ్ల పంటలో ఆకు బాగా తినే రోజుల్లో రోజుకు 150 కిలోల పైన మేత పడుతుంది. ఆకులో 70 శాతం నీరే. అంటే దినం వంద లీటర్ల నీళ్లు మనమే మోసుకెళ్లి గదిలో పోస్తున్నట్టు. దానికి తోడు వేల పురుగుల ఊపిరి, పడకలో మురిగే లద్దె, దాన్నుంచి లేచే అమ్మోనియా. వీటన్నిటినీ బయటికి పంపేది గాలి ఒక్కటే. మిషన్ నీటిని పడుతుంది గానీ చెడు గాలిని పట్టదు. తేమ తగ్గాలని తలుపులు మూసి మిషన్ పెడితే మీటరు మీద అంకె చక్కగా కనబడుతుంది, పురుగులు మాత్రం మేత మానేసి తలలెత్తి చూస్తుంటాయి.

మరి తలుపులు, కిటికీలు తెరిచి పెడితే? లెక్క మీరే చూడండి. 50 అడుగుల పొడవు, 20 వెడల్పు, 12 ఎత్తు షెడ్డులో సుమారు 340 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర తేమను 85 నుంచి 70 శాతానికి తేవాలంటే ఘనపు మీటరుకు 4 గ్రాముల నీరు తీయాలి. షెడ్డు మొత్తానికి ఒక్కసారికి లీటరున్నర లోపే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కిటికీలు తెరిచిన షెడ్డులో గంటకు ఐదుసార్లు గాలి మారిందనుకున్నా రోజుకు 165 లీటర్లు దాటుతుంది. ఇళ్లకోసం అమ్మే మిషన్ల మీద రాసి ఉండేది రోజుకు 12, 20, మహా అయితే 50 లీటర్లు. గోదావరి ఒడ్డున కూర్చుని చెంబుతో నది ఖాళీ చేస్తానన్నట్టే.

అందుకే పురుగులు తినే షెడ్డుకు మా మాట పాతదే. ఎదురెదురు కిటికీలు, ఎగ్జాస్టు ఫ్యాన్లు, పల్చని పడక, తడి ఆకు వేయకపోవడం, జ్వరానికి కూర్చున్నప్పుడు సున్నప్పొడి. వానాకాలంలో కూడా మధ్యాహ్నం గాలి తెల్లవారుజాము గాలి కంటే పొడిగా ఉంటుంది. కాబట్టి ఫ్యాన్లు పగలు గట్టిగా నడపాలి, వాన కురిసే వేళ, తెల్లవారుజామున తగ్గించాలి. చాలామంది దీనికి ఉల్టా చేస్తున్నారు. పగలు కరెంటు దండగని ఆపి, రాత్రి ఉక్కపోస్తోందని వేస్తున్నారు.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. జపాన్‌లో మనకంటే తడి ఎండాకాలాలు. అక్కడ గున్మా ప్రాంతంలో తజిమా యాహేయ్ అనే రైతు 1863లో పురుగుల కోసం కట్టిన ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. దాని ప్రత్యేకత ఒక్కటే, పైకప్పు నడినెత్తిన గాలి పోవడానికి లేపిన చిన్న కప్పు. వేడి, తేమ పైకెక్కి అటు నుంచి పోతాయి, కింద కిటికీల నుంచి కొత్త గాలి వస్తుంది. తర్వాత తకయామా చోగొరో అనే ఇంకొకాయన ఆ గాలికి కొంచెం నిప్పు సెగ జోడించే పద్ధతి తెచ్చాడు. ఆ రెండు చోట్లనూ తొమియోకా పట్టు మిల్లుతో కలిపి 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఉపాధి హామీ కింద కొత్తగా షెడ్డు కట్టుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రేకులు బిగించాక కప్పు కోయించడం తలనొప్పి. డ్రాయింగ్ గీసేటప్పుడే పైన గాలి దారి అడగండి.

ఆ నిప్పు సెగ ముచ్చట కూడా ఊరికే చెప్పలేదు. గాలిని రెండు డిగ్రీలు వేడి చేస్తే అందులో నీళ్లు అంతే ఉన్నా తేమ శాతం పది దాకా దిగుతుంది. రాత్రి గదిలో 24 డిగ్రీలు, 90 శాతం ఉందనుకోండి. 26కు తెస్తే అదే గాలి 80 శాతం చూపిస్తుంది. సెప్టెంబర్ రాత్రులకు ఇది చాలా చవకైన ఉపాయం. అయితే కరెంటు హీటరే వాడాలి. గ్యాస్ పొయ్యి మంటలోనే నీటి ఆవిరి పుడుతుంది, బొగ్గుల కుంపటి విషవాయువు వదులుతుంది. అది పురుగుకే కాదు, పక్కన పడుకున్న మనిషికీ ప్రాణాంతకం. ఆగస్టు పగటి పూట గది ఇప్పటికే 29–30 ఉంటే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

ఇక మిషన్ నిజంగా కూలి గిట్టించే చోటు ఒకటుంది. గూళ్లు అల్లే గది. పండిన పురుగు నేత్రికె ఎక్కినప్పుడు నాలుగు గ్రాముల చుట్టూ తూగుతుంది. గూడు చేతికొచ్చేసరికి పురుగూ గూడూ కలిపి రెండు గ్రాములు. తక్కిన రెండు గ్రాములు మూత్రంగా, లద్దెగా, ఆవిరిగా గదిలోకే పోయాయి. 100 గుడ్లకు 45 వేల పురుగులనుకుంటే 90 కిలోలు, అదీ ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే పురుగు నోటి నుంచి వచ్చే దారం ఆరాలి. ఆరకపోతే పోగు మీద పోగు బంకలా అతుక్కుంటుంది, రీలింగ్‌లో పదే పదే తెగుతుంది. జాల్నా మార్కెట్‌కైనా, రామనగరకైనా మీ గూళ్లు వెళ్తే కొనేవాడు చేత్తో నొక్కి, చెవి దగ్గర ఊపి చూసి తగ్గించేది ఇక్కడే. 28 రోజుల కష్టం మూడు రోజుల తడికి పోతుంది.

సెల్లార్‌ను ఈ పనికి వాడుకోవచ్చు. కానీ ముందు గోడ సంగతి తేల్చుకోండి. మనది నల్లరేగడి, వాన నీళ్లు పట్టుకుని వారాల తరబడి వదలదు, ఆ తడి సెల్లార్ గోడలోంచి లోపలికి వస్తుంది. రెండడుగుల ప్లాస్టిక్ కాగితం గోడకు నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, గోడ వైపు తడి చేరితే నీళ్లు మట్టిలోంచి వస్తున్నట్టు. ముందు వైపు తడి పడితే గాలిలో తేమే చల్లగోడకు చెమర్చినట్టు. మొదటి రకమైతే మిషన్ కొనకండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తీయించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. లేకపోతే ఊళ్లో బావిని తోడుతున్నట్టే కరెంటు బిల్లు కట్టుకుంటూ కూర్చోవాలి.

గోడ బాగుంటే లెక్క ఇలా ఉంటుంది. 40 అడుగుల పొడవు, 30 వెడల్పు, 9 ఎత్తు సెల్లార్ అనుకుందాం. తలుపులు మూసినా ఊపిరాడడానికి గంటకోసారైనా గాలి మారాలి. బయటి గాలి 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే, లోపల 26 డిగ్రీలు, 65 శాతం కావాలంటే ఆ గాలికే రోజుకు 50 లీటర్ల పైన తీయాలి. 100 గుడ్ల పురుగులవి ఇంకో 30. మొత్తం 80–85 లీటర్లు. ఇక్కడే షాపులో మెలిక ఉంది. డబ్బా మీద రాసే లీటర్లు 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర కొలిచినవి. గాలి పొడిబారే కొద్దీ మిషన్ పట్టే నీళ్లూ తగ్గుతాయి. మనకు కావలసిన 65 శాతం దగ్గర రాసినదాంట్లో సగమో, కొంచెం పైనో వస్తుంది. కాబట్టి ఈ సెల్లార్‌కు డబ్బా మీద 150 లీటర్లు రాసి ఉన్న ఫ్యాక్టరీ రకం మిషన్ కావాలి. "26 డిగ్రీలు, 65 శాతం దగ్గర ఎన్ని లీటర్లు?" అని షాపులో అడగండి, కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనివాడి దగ్గర కొనకండి.

వేడి మాట షాపువాళ్లు అసలే చెప్పరు. లీటరు నీరు పట్టినప్పుడల్లా సుమారు 0.7 యూనిట్ వేడి గదిలోకి వస్తుంది. అది కాక మిషన్ తాగిన కరెంటంతా వేడే అవుతుంది. మామూలుగా యూనిట్‌కు రెండు లీటర్ల లెక్కన రోజుకు 40 యూనిట్లు కాలుతాయి. చల్లటి సెల్లార్‌లో ఆ వేడి కొంత మేలే, కానీ గది 27 దాటుతుంటే ఆపి గాలి ఆడించాలి.

మన పనిలో మిషన్‌ను చంపేవి ఇంకా వేరే ఉన్నాయి. బ్లీచింగ్ పౌడర్, ఫార్మలిన్, అమ్మోనియా మూడూ రాగి గొట్టాలను తినేస్తాయి. సున్నప్పొడి తడి కాయిల్ మీద పడితే పేస్టులా గడ్డకడుతుంది. కాబట్టి కాయిల్‌కు ఎపాక్సీ పూత ఉన్నదీ, ఫిల్టరు చేత్తో తీసి కడగగలిగినదీ చూడండి. గది శుద్ధి చేసేటప్పుడు మిషన్ బయట పెట్టాలి, అలాగని దాన్ని అలాగే లోపలికి తేకూడదు. సున్నపుకట్టు రోగం బూజు దాని మీద కూర్చుని మళ్లీ గదిలోకి వస్తుంది, పైనంతా తుడిచి, ఫిల్టరు కడిగి ఎండబెట్టాకే తెండి. బకెట్టు నిండితే ఆగిపోయే రకం వద్దు, పైపుతో నీళ్లు తనంతట తానే పోయే రకం కావాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు పాత సెట్టింగ్‌తోనే మళ్లీ నడుస్తుందా అన్నది షాపులోనే ప్లగ్ పీకి చూడండి. రిపేరుకు మనిషి నాందేడ్‌లో ఉన్నాడా, హైదరాబాద్ నుంచి రావాలా అన్నది కూడా అడగండి. గూళ్లు అల్లేది మూడు రోజులు, మెకానిక్ నాలుగో రోజు వస్తే ఏం ఫాయిదా?

గిట్టుబాటు ముచ్చట. తడి వల్ల కిలోకు 50 రూపాయలు తగ్గిందనుకోండి. 100 గుడ్లకు 70 కిలోల గూళ్లంటే 3,500. వానాకాలం మూడు పంటలకు 10,500. ఏప్రిల్, మే నెలల్లో మనం కూలర్లు పెట్టి తేమ పెంచుకునేవాళ్లం, అప్పుడు ఈ మిషన్ మూలన పడి ఉంటుంది. 100 గుడ్లు పెంచే ఇంటికి సొంతంగా ఇంత పెద్ద మిషన్ దండగనే మా లెక్క. ఆ డబ్బులో కొంత పెట్టి రెండు మంచి ఎగ్జాస్టు ఫ్యాన్లు, ఒక హీటరు, అదనంగా కొన్ని నేత్రికెలు కొనండి. చదరపు అడుగుకు 40–50 పురుగులకు మించకుండా పల్చగా ఎక్కించండి. కింద న్యూస్‌పేపర్ పరిచి, మూత్రం పోశాక రెండో రోజే తీసేయండి. తడిలో పెద్ద వాటా దానితోనే బయటికి పోతుంది. 300 గుడ్లకు పైన పెంచేవాళ్లు, లేదా పంట తేదీలు వారం తేడాతో వేసుకునే నలుగురు కలిసినవాళ్లు కొంటే మేము కాదనం.

ఏదైనా కొనే ముందు మీ మీటరు నిజం చెప్తోందో లేదో చూసుకోండి. చిన్న గిన్నెలో ఉప్పు పోసి, కొద్ది నీళ్లతో ముద్దలా తడిపి, మీటరుతో పాటు గట్టి మూత డబ్బాలో రాత్రంతా పెట్టండి. ఉదయానికి 75 చూపించాలి. 68 చూపిస్తే మీ మీటరు ఏడు తక్కువ చెప్తున్నట్టు, ఆ ఏడు ఎప్పుడూ కలుపుకోవాలి.

ఈ పంట నుంచి గూళ్ల గదిలో ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి వేడి, తేమ రెండూ రాసి గ్రూపులో పెట్టండి. పక్కన గది కొలతలు, ఎన్ని గుడ్లు, జాల్నాలో పలికిన ధర కూడా రాయండి. సెల్లార్ ఉన్నవాళ్లు ప్లాస్టిక్ కాగితం ఫొటో పంపితే, ఏ వైపు తడి చేరిందో చూసి ఆదివారం లోపల జవాబిస్తాం.