డ్రోన్ స్పెక్స్ సరే, దాన్ని మోసే బాక్సు సంగతేంటి?

ఈమధ్య నా యూట్యూబ్ నిండా ఒకటే రకం వీడియోలు. అమెరికాలో మిన్నెసోటా వైపు జనం మంచు మీద నడిపే స్నోమొబైళ్లు, గడ్డకట్టిన చెరువుల మీద చేపలు పట్టే సామాను వేసుకెళ్లడానికి నాలుగువైపులా మూసిన ట్రైలర్ ఎలా ఎంచుకోవాలో చెప్పే వీడియోలు. నరసరావుపేటలో కూర్చుని ఇవెందుకు చూస్తున్నానంటారా? మా బావ కోసం.

మా బావది గురజాల దగ్గర ఊరు. మిర్చికి, పత్తికి మందు కొట్టే 10 లీటర్ల డ్రోన్ లోన్ మీద కొన్నాడు. నాజిల్స్, ఫ్లైట్ టైమ్, జీపీఎస్ అన్నీ నేనే కంపేర్ చేసిపెట్టా. దాన్ని మోసే బండి గురించి మాత్రం ఇద్దరం పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ తీసుకుని వెనక రేకు బాక్సు కట్టించాడు. వాన పడదు, దుమ్ము పడదు, తాళం వేసుకోవచ్చు. సూపర్ అనుకున్నాం.

సీజన్ అయిపోయాక బ్యాటరీల్ని ఫుల్ చార్జ్‌తో ఆ బాక్సులోనే వదిలేశాడు. మే నెల వచ్చింది. రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతా తెలుసు. రెండు సెట్లు ఉబ్బిపోయాయి. ఒక్కో సెట్టు పదుల వేలు. ఈఎంఐ మాత్రం ఆగదు కదా! "ఆ బాక్సులో మనమే ఉండలేం బావా, అవెట్టా ఉంటయ్?" అన్నాడు. తప్పు నాదే అనిపించింది.

నా పాయింట్ ఒక్కటే. బాక్సు ఎంచుకునేటప్పుడు మన సామానుకి శత్రువు ఎవరో ముందు చూడాలి. అక్కడ మంచు, రోడ్ల మీద చల్లే ఉప్పు. అందుకే బిగుతుగా మూస్తారు. మనకి శత్రువు ఎండ. గాలాడని రేకు బాక్సు పల్నాడులో పొయ్యితో సమానం. చాలా లిథియం బ్యాటరీలకి చార్జింగ్ పైహద్దు 45 డిగ్రీల దగ్గర్లోనే ఉంటుంది. బయట 44 ఉంటే మూసిన బాక్సులో ఎంతుంటుందో మీరే ఊహించండి.

అలాగని ఓపెన్ బండి కూడా వద్దు. డొంకలో గుంతలకి డ్రోన్ చేతులు కదిలిపోతాయి, దుమ్ము మోటార్లలోకి పోతుంది. కాబట్టి మూసిన బాక్సే తీసుకోండి, కానీ ఇలా:

గాలి: రెండువైపులా జాలీ కిటికీలు, పైన రెండు పొరల కప్పు, తెల్ల పెయింట్.

ఎత్తు: డొంకల మీదికి వంగిన తుమ్మ కొమ్మలు గుర్తుపెట్టుకోండి. నిలబడేంత ఎత్తు అక్కర్లేదు.

బరువు: 200 లీటర్ల నీళ్ల డ్రమ్మే 200 కిలోలు. జనరేటర్, మనుషులు, బాక్సు సొంత బరువు అన్నీ బండి మోయగలిగే లెక్కలోకే వస్తాయి.

బిగింపు: కింద రబ్బరు మ్యాట్, బెల్టులు తగిలించడానికి కొక్కేలు. తాళ్లతో కట్టి దేవుడికి దణ్ణం పెడితే చాలదు.

కాగితాలు: బండి బాడీ మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి. లేదంటే యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర తలనొప్పి.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి. పెట్రోల్, పురుగుమందు, బ్యాటరీలు మూడూ ఒకే మూసిన బాక్సులో పెట్టొద్దు. జనరేటర్‌కి, మందు డబ్బాలకి వెనక ఓపెన్ క్యారియర్ చేయించండి. బ్యాటరీలు విడి పెట్టెలో, నీడలో ఉండాలి. పనిలేని నెలల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచి ఇంట్లో చల్లటిచోట పెట్టండి. హెల్పర్ కుర్రాణ్ణి మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఆ బాక్సులో కూర్చోబెట్టొద్దు. బ్యాటరీ పోతే డబ్బు పోతుంది, అక్కడ పోయేది ప్రాణం.

2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ ప్రకటించింది. 15,000 మహిళా సంఘాలకి డ్రోన్లు, 80 శాతం దాకా సబ్సిడీ. అంటే మా బావ సమస్య రేపు చాలా ఊళ్లలో అక్కలకీ వస్తుంది. మనలాంటి రివ్యూలు రాసేవాళ్లం, చదివేవాళ్లం కెమెరా మెగాపిక్సెల్ దగ్గరే ఆగిపోతే ఎలా?

నా వెర్డిక్ట్: కొత్త బండి, నాసిరకం బాక్సు కన్నా పాత బండి, మంచి బాక్సు మేలు. బావ ఇప్పుడు రేకు కోయించి జాలీలు పెట్టిస్తున్నాడు. డ్రోన్ బడ్జెట్ వేసుకునేటప్పుడు మీరు ఆ ఖర్చు మొదటి రోజే కలుపుకోండి.