రెండు వైర్లేగా అనుకుంటే..

"ఏందబ్బాయ్, రెండు వైర్లు కలిపేదానికి పొద్దంతా కావాలా?"

మా జలదంకి వైపు ఒక పెట్రోలు బంకులో ట్యాంకు మానిటరింగ్ కన్సోల్ బిగిస్తున్నప్పుడు యజమాని అడిగిన మాట ఇది. చూసేవాళ్లకు అలాగే ఉంటుంది మరి. భూమిలో ట్యాంకు, అందులో నిలువుగా ఒక ప్రోబ్, సేల్స్ రూము గోడకు చిన్న పెట్టె, మధ్యలో ఒక కేబుల్. బంకాయన అన్నాడంటే అర్థముంది. ఈసీఈ, ఈఈఈ చదివినవాళ్లు కూడా 'అది వైర్‌మన్ పని' అని తీసిపారేసి అమీర్‌పేట బస్సెక్కుతున్నారు. నా అభ్యంతరం దాని మీదే.

ఆ ప్రోబ్ ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. కడ్డీ లోపలి తీగలోకి కరెంటు పల్స్ వెళ్తుంది. ఇంధనం మీద తేలే ఫ్లోట్‌లో అయస్కాంతం ఉంటుంది. ఆ రెండు అయస్కాంత క్షేత్రాలు కలిసినచోట తీగ సన్నగా మెలితిరిగి, ఆ అల వెనక్కి వస్తుంది. వచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. మ్యాగ్నెటోస్ట్రిక్షన్ అని ఇన్‌స్ట్రుమెంటేషన్ పుస్తకంలో మార్కుల కోసం బట్టీపట్టింది ఇదే. ఉష్ణోగ్రత కూడా కొలవాల్సిందే. పదివేల లీటర్ల పెట్రోలు ఒక్క డిగ్రీ చల్లబడితే దాదాపు 12 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ లెక్క తెలియక బంకు కుర్రాడి మీద దొంగతనం అనుమానం పెట్టినవాళ్లున్నారు.

అడుగున నీటిని పట్టడానికి ఇంకో ఫ్లోట్ ఉంటుంది. ఇక్కడో కొత్త చిక్కు. పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ట్యాంకులోకి నీళ్లు చేరితే ఇథనాల్ పీల్చుకుంటుంది. మోతాదు మించితే రెండూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఆ పొర మామూలు నీళ్లంత బరువుండదు కాబట్టి పాతరకం ఫ్లోట్ దాన్ని గుర్తించకపోవచ్చు. 'నీళ్లు లేవు' అని కన్సోల్ చెప్తుంటే బండ్లు మాత్రం రోడ్డు మీద ఆగిపోతాయి. ఈ సమస్యను పట్టుకోవాలంటే వైరింగ్‌తోపాటు కాస్త కెమిస్ట్రీ కూడా రావాలి.

నేను చూసిన ఒక బంకులో వాన పడితే చాలు, ప్రోబ్ అలారం మోగేది. ఎండ కాస్తే మానేది. ప్రోబ్ పోయిందన్నారు, మార్చారు. కన్సోల్ లోపలి కార్డు మీద అనుమానపడ్డారు. చివరికి మ్యాన్‌హోల్ మూత ఎత్తి చూస్తే, కేబుల్ జాయింటుకు ఇంట్లో వాడే ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. అందులోకి నీళ్లు దిగుతున్నాయి. రెసిన్‌తో సీలు చేసే జాయింటు కిట్టు వేస్తే జబ్బు నయమైంది. అంత ఖర్చూ ఒక టేపు చుట్ట వల్ల!

అయితే నన్ను భయపెట్టేది డబ్బు ఖర్చు కాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. మ్యాన్‌హోల్లో దిగి అక్కడే కూర్చుంటుంది. 1913లో వేల్స్ దేశంలోని సెంగెనిడ్ బొగ్గు గని పేలి 439 మంది కార్మికులు చనిపోయారు. సిగ్నల్ బెల్లు తీగల నుంచి వచ్చిన నిప్పురవ్వ మీద కూడా అనుమానం వచ్చింది. తీగ తెగినా, షార్టయినా ఆవిరిని అంటించేంత శక్తి అందులో ఉండకూడదన్న 'ఇంట్రిన్సిక్ సేఫ్టీ' ఆలోచన ఆ తర్వాతి పరిశోధనల్లోంచే రూపుదిద్దుకుంది. ప్రోబ్ వైపు వెళ్లే కరెంటును బ్యారియర్ అదుపు చేసేది ఇందుకే. ఆ కేబుల్‌కు సాధారణంగా నీలం తొడుగు ఉండేదీ ఇందుకే. పైపు మిగులుతుందని దాన్ని పంపుకు వెళ్లే 230 వోల్టుల కేబుల్‌తో కలిపి ఒకే పైపులో లాగారనుకోండి, ఆ రక్షణంతా గాలికి పోయినట్టే. కన్సోల్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. తప్పు పైకి కనపడదు, అదే ప్రమాదం. షీల్డుకు కన్సోల్ వైపు మాత్రమే ఎర్త్ ఇవ్వడం లాంటివి తప్పితే కనీసం రీడింగులు గంతులేసి చెప్తాయి.

ఇంత సంగతున్న పనిని మనం ఎవరికి అప్పగిస్తున్నాం? కాంట్రాక్టు మీద కాంట్రాక్టు దిగి, చివరికి మూడోరోజు పనిలో చేరిన హెల్పర్‌కు. వాడి చేతిలో టేపూ స్క్రూడ్రైవరూ తప్ప గ్యాస్ మీటరుండదు. ఇటు చూస్తే కాలేజీల్లో ప్రోబ్ బొమ్మ గీయిస్తారు గానీ ఒక్క కేబుల్ గ్లాండు బిగించనివ్వరు. ఐటీఐ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కుర్రాడికి చెయ్యి తిరుగుతుంది, కారణం ఎవరూ చెప్పరు. బీటెక్ వాళ్లకు కారణం తెలుసు, మల్టీమీటరు పట్టడానికి మొహమాటం. ఈ ఇద్దరిలో ఎవరు ముందు రెండోది నేర్చుకుంటే వాళ్లదే ఆ ఉద్యోగం.

మొదట్లో జీతం గొప్పగా ఉండదు, అబద్ధం చెప్పను. రాత్రిళ్లు తిరగాలి, ఎండలో నిలబడాలి. కానీ ఈ పని బంకుతో ఆగదు. కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రంలో ఆయిల్ ట్యాంకులకూ, మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ ట్యాంకులకూ కావాల్సింది ఇదే విద్య.

ఇంటర్వ్యూకు పిలుపొస్తే జీతం సంగతి తర్వాత, ముందు మీరే అడగండి: మూత తీసేముందు గ్యాస్ ఎవరు పరీక్షిస్తారు? పర్మిట్ మీద సంతకం ఎవరిది? మొదటి నెల నా పక్కన అనుభవమున్న మనిషి ఉంటాడా? "అవన్నీ ఎందుకు తమ్ముడూ, రెండు వైర్లేగా" అని జవాబొస్తే, సర్టిఫికెట్లు సర్దుకుని కావలి బస్సెక్కి ఇంటికొచ్చేయండి.