క్లోజర్ ఎవరి చేతిలో ఉంది

అమెరికాలో అప్పు మీద ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ‘ఫోర్‌క్లోజర్’ మాట వింటే గుండె గుభేల్‌మంటుంది. వాయిదాలు కట్టలేనివాడి ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకుని అమ్మేసుకోవడం అది. 2008 మాంద్యంలో అక్కడ లక్షల కుటుంబాలు దాని బారిన పడ్డాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే మాట శుభవార్త. గడువుకు ముందే గృహరుణం తీర్చేస్తామంటే బ్యాంకు చేతిలో పెట్టే లెక్కల కాగితం పేరు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాల మీద ఆ పేరుతో చార్జీలు వసూలు చేయొద్దని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. అక్కడ ఇల్లు పోతుంది, ఇక్కడ ఇంటి పత్రాలు చేతికొస్తాయి.

దాని చుట్టపుమాట ‘క్లోజర్’ ఇంకా గడుసుది. ఒక మాటకు నాలుగు అర్థాలుంటే ఎవరికీ పేచీ లేదు. ఆఫీసు తన పని ముగించి చేతులు దులుపుకోవడాన్నీ, దెబ్బతిన్న మనిషి మనసు కుదుటపడటాన్నీ అదే మాటతో పిలవడం దగ్గరే పేచీ. మొదటిది అయిపోగానే రెండోదీ అయిపోయినట్టు నటించే వీలు దొరుకుతోంది.

చట్టసభల్లో క్లోజర్ కాస్త నిజాయితీ గలది. 1881లో బ్రిటన్ కామన్స్ సభలో ఐర్లండ్ సభ్యులు ఎడతెగకుండా ప్రసంగిస్తూ సమావేశాన్ని 41 గంటలు లాగారు. విసిగిపోయిన స్పీకర్ బ్రాండ్ చర్చను తనంతట తానే ఆపేసి ఓటింగు పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని నిబంధనగా రాసుకున్నారు. మన లోక్‌సభ నిబంధనావళిలో అది 362వది. చర్చ ఇక చాలని ఎవరో ప్రతిపాదిస్తారు, మెజారిటీ సరేనంటే అయిపోయినట్టే. అవతలివాళ్లకు సమాధానం దొరికిందని మాత్రం ఎవరూ బుకాయించరు.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికొస్తే ఆ పాటి నిజాయితీ కూడా ఉండదు. నిజాం హయాంలో 1930ల్లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, మెట్‌పల్లి, ముంబోజిపల్లి యూనిట్లతో పాటు 2015 డిసెంబరులో ఆగిపోయింది. యాజమాన్యం ప్రకటించింది లేఆఫ్. చట్టం దృష్టిలో లేఆఫ్ తాత్కాలికం. క్లోజర్ శాశ్వతం, పెద్ద పరిశ్రమ అయితే దానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ తాత్కాలికం ఏళ్లు సాగి, 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్ ఆదేశాల దాకా వెళ్లింది. ఈలోగా కార్మికుడు బకాయిల కోసం ఎదురుచూడాలా, ఊరొదిలి వేరే పని వెతుక్కోవాలా? పైగా 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అనుమతి అవసరమయ్యే కార్మికుల సంఖ్యను 100 నుంచి 300కు పెంచింది. మూయడం తేలికైంది. మూతపడ్డాక మిగిలే లెక్కలు తేల్చడం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

మనసుకు సంబంధించిన క్లోజర్‌ను బాగా ఊరేగించింది అమెరికాయే. 1995లో ఓక్లహామా సిటీలో 168 మందిని పొట్టనపెట్టుకున్న పేలుడు కేసులో తిమోతీ మెక్‌వీకి 2001 జూన్ 11న మరణశిక్ష అమలైంది. బాధిత కుటుంబాలవాళ్లు, ప్రాణాలతో బయటపడ్డవాళ్లు రెండు వందల మందికి పైగా క్లోజ్డ్ సర్క్యూట్ టీవీలో దాన్ని చూశారు. వాళ్లకు క్లోజర్ దొరుకుతుందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. చూసివచ్చాక కొందరు ఊరట అన్నారు, కొందరు ఏమీ మారలేదన్నారు. దుఃఖం తేదీ వేసి తేల్చేది కాదని ముందే తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు.

వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాల మీద పనిచేసిన పరిశోధకురాలు పౌలీన్ బాస్ అయితే క్లోజర్ అన్నదే ఒక కట్టుకథ అంటారు. మనిషి ఉన్నాడో లేడో తేలని స్థితిని ఆమె ‘అస్పష్ట నష్టం’గా వర్ణించారు. కోనసీమ తీరానికి ఈ సిద్ధాంతాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. 1996 నవంబరు తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు నుంచి వేటకెళ్లి తిరిగిరాని మత్స్యకారులెందరో. భార్య బొట్టు తీయాలా వద్దా? ధర్మశాస్త్రాల లెక్కలో పన్నెండేళ్లు ఆగి దర్భబొమ్మకు దహనం చేస్తారు. 1872 సాక్ష్య చట్టం ఏడేళ్లంది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. అప్పటిదాకా డెత్ సర్టిఫికెట్ లేదు, అది లేనిదే ఇన్సూరెన్స్ రాదు, పొలం పేరు మారదు. తలుచుకుంటే ప్రభుత్వం గడువు తగ్గించగలదని 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత తేలింది. గల్లంతైనవారి విషయంలో ఏడేళ్లు ఆగకుండా ప్రత్యేక పద్ధతిలో మరణ ధ్రువీకరణ, పరిహారం ఇచ్చారు. చార్‌ధామ్ యాత్రికులకు చేయగలిగింది సముద్రంలో తప్పిపోయినవాళ్లకు ప్రతిసారీ ఎందుకు చేయకూడదు?

ఇక పోలీస్ స్టేషన్. ఇక్కడ క్లోజర్ రిపోర్టు అంటే దర్యాప్తు అధికారి తనకు ఆధారాలు దొరకలేదనో, ఫిర్యాదు నిలవదనో కోర్టుకు చెప్పుకోవడం మాత్రమే. తీర్పు కాదు. నోయిడా జంట హత్యల కేసులో సీబీఐ 2010 డిసెంబరులో క్లోజర్ రిపోర్టు వేస్తే, కోర్టు దాన్ని తోసిపుచ్చి హత్యకు గురైన బాలిక తల్లిదండ్రుల మీదే విచారణ నడిపింది. 2013లో శిక్ష పడింది, 2017లో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులంది. మూయబోయిన కేసు మరో ఏడేళ్లు నడిచింది, హంతకులెవరో తేలనే లేదు. విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య కేసులో 2024 మేలో తెలంగాణ పోలీసుల క్లోజర్ రిపోర్టు బయటికి రాగానే అభ్యంతరాలు వెల్లువెత్తాయి. మళ్లీ దర్యాప్తునకు కోర్టు అనుమతి కోరతామని డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది.

ఇలాంటి పెద్ద కేసుల్లో నిలదీయడానికి పత్రికలుంటాయి, లాయర్లుంటారు. మండల కేంద్రంలో కూతురు తప్పిపోయిందని కాగితం ఇచ్చిన కూలీకి ‘కేసు క్లోజైంది’ అనే నోటిమాట తప్ప మరేమీ దక్కకపోవచ్చు. క్లోజర్ రిపోర్టును అంగీకరించే ముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలని కొత్త నాగరిక సురక్షా సంహిత అంటోంది. ఆ కబురులోనే ఎవరిని విచారించారో, ఏ ఆధారం దొరకలేదో, ఎందుకు మూయాలనుకుంటున్నారో, అభ్యంతరం ఉంటే ఏ కోర్టులో ఎప్పటిలోగా చెప్పుకోవాలో తెలుగులో రాసివ్వవచ్చు. దీనికి మరో చట్టం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల డీజీపీ కార్యాలయాల నుంచి చెరొక సర్క్యులర్ చాలు.