వంగిన పలకని మెషీన్‌లోకి తోసేయకండి!

ఫర్నిచర్ వర్క్‌షాప్ పెట్టాలనుకుంటున్నారా? అడుగున్నర వెడల్పు టేకు పలక గిన్నెలా వంగితే నేరుగా థిక్‌నెస్ ప్లానర్‌కి ఇవ్వకండి. రోలర్లు నొక్కుతున్నంతసేపే అది చదును. బయటికొస్తే మళ్లీ వంపే. కొత్తవాళ్ల డబ్బులు పోయేది ఇక్కడే. ముందు రెండువైపులా గాలి తగిలేలా ఆరనివ్వండి. తర్వాత గుంట వైపు కిందికి పెట్టి, సందులో చెక్కముక్కలు దోపి, పైకి ఉబ్బిన భాగాన్ని నారకి అడ్డంగా చిత్రిక పట్టండి. చెమట పడుతుంది, అవును! స్కేలు నిలబెట్టి చూస్తూ ఉండండి. ఆ ముఖం చదునయ్యాక, దాన్ని కిందికి పెట్టి ప్లానర్‌లో వేయండి. వంపు మరీ ఎక్కువైతే మందమంతా పొట్టుగా పోతుంది. అప్పుడు నిలువునా రెండు మూడు ముక్కలుగా కోసి అతికించడమే నయం. ఒకే పలక కావాలన్న కస్టమర్‌కి ఆ సంగతి అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పండి.