మంత్రాలయం ఎవరిది?

మొన్న లీజర్ పీరియడ్‌లో మా క్లాసులో పెద్ద గొడవ. “రాయరు మఠం కన్నడ వాళ్లది” అని ఒకడు, “ఊరు ఆంధ్రాలో ఉంది కదరా, మనదే” అని ఇంకొకడు. ఇద్దరిదీ తప్పే అని నేనంటాను.

1671లో రాఘవేంద్రస్వామి తుంగభద్ర ఒడ్డున సజీవంగా బృందావనం ప్రవేశించారు. అప్పట్లో ఆ ఊరి పేరు మంచాల. ఇప్పటికీ జనం ముందు మంచాలమ్మకు మొక్కి తర్వాతే స్వామి దగ్గరికి పోతారు. స్వామి పుట్టింది తమిళదేశంలోని భువనగిరిలో, గ్రంథాలు రాసింది సంస్కృతంలో. ఊరిని మఠానికి ఇచ్చింది ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ అని మఠం వాళ్లే చెప్తారు. మరి ఇప్పుడు ఏ భాష వాళ్లు పట్టా రాయించుకుంటారు?

నవాబు మాట ఎత్తితే కొందరికి నచ్చదు. పళ్లెంలో మాంసం పెట్టి స్వామిని పరీక్షించాడు, అది పండ్లయిపోయింది అనే కథ మాత్రం ఇష్టంగా చెప్తారు. చెప్పండి, వద్దనలేదు. ఊరు ఇచ్చిన చెయ్యి ఎవరిదో కూడా అంతే గట్టిగా చెప్పండి. మన్రో దొర కథ కూడా ఉంది. దత్తమండలాల కలెక్టరుగా ఆయన మఠం మాన్యం విచారణకు వస్తే స్వామి బృందావనంలోంచి మాట్లాడారంటారు. నమ్మడం ఎవరిష్టం వాళ్లది. నాకు మాత్రం ఆ కథలో ఇంకోటి కనిపిస్తుంది. పాలకుడు మారినప్పుడల్లా మఠం తన భూమిని మళ్లీ నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు సంగతికి వస్తాను. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని తాలూకా మన బళ్లారి జిల్లాలోదే. మంత్రాలయం అందులోదే. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. మా జేజినాయనది ఆదోని పక్క పల్లె. పుట్టినప్పుడు మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా. తర్వాత ఆంధ్ర, కర్నూలు జిల్లా. ఇల్లు మాత్రం అదే, గోడ కూడా జరగలేదు. పెద్దయ్యాక పని కోసం బళ్లారికి వచ్చాడు. అప్పటినుంచి మమ్మల్ని “ఆంధ్రా నుంచి వచ్చినోళ్లు” అంటారు. ఆయన వచ్చింది తన పాత జిల్లా కేంద్రానికే కదా!

సార్, ఈసారి మంత్రాలయం టూర్ పెడితే బస్సు కదలకముందే 1953కు ముందటి బళ్లారి జిల్లా పటం మాకు చూపించండి. ఆ ఇద్దర్నీ ముందు సీట్లో కూర్చోబెట్టండి.