ఒకటో తారీఖు చిరునామా

హనుమంతునిపాడులో ఒక బంధువు దినాలకు పోయి, తెల్లారుజామున కనిగిరి బస్సు కోసం నిలబడ్డాను. ఆ రోజు ఒకటో తారీఖు. షెల్టరులో సిమెంటు బల్ల మీద ఒక పెద్దాయన అప్పుడే లేచి పక్క చుడుతున్నాడు. పక్క అంటే యూరియా గోతాలు విప్పదీసి కలిపి కుట్టిన పట్టా, దానిమీద ఒక బొంత. చుట్టడంలో ఆయనకో పద్ధతుంది. బొంతను నాలుగు మడతలు పెట్టాడు. పట్టాను దాని చుట్టూ తిప్పి, పాత నవారు ముక్కతో రెండుచోట్ల బిగించి, బల్ల కింద మూలకు తోశాడు. తర్వాత పక్కనున్న బంకు దగ్గరికి పోయి గ్లాసు చాపితే బంకావిడ టీ పోసింది. ఆ గ్లాసు ఆయనదే. బంకు గ్లాసుల్లో కలవదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

టీ సగం తాగాడో లేదో సచివాలయం కుర్రాడు బండిమీద వచ్చాడు. "ఏం పెద్దాయనా, లేచినావా" అంటూ మిషను తీసి ఆయన వేలు పెట్టించాడు. పడలేదు. వేలిని తన చొక్కాకే తుడిచి మళ్ళీ పెట్టించాడు. ఈసారి పడింది. నాలుగు వేలు లెక్కబెట్టి చేతికిచ్చి, జేబులో పెట్టుకునేదాకా చూసి మరీ పోయాడు. ఇంటి దగ్గరికే పింఛను అనే మాట ఇంత అక్షరాలా అమలు కావడం నేనెక్కడా చూడలేదు.

ఉండబట్టలేక బంకావిడను కదిలించాను.

"మనూరాయనే సార్. ఆ సందులో మట్టిమిద్దె ఉండేది. వానలకు కూలిపాయ. కొడుకులిద్దరూ హైదరాబాదులో బేల్దారి పని."

"మరి వాళ్ళ దగ్గరికి పోకూడదా?"

"పోయినాడు ఒకపారి. నెల తిరక్కుండానే వచ్చినాడు. వాళ్ళకు మాత్రం యాడుండాయి ఇళ్ళు? కట్టే బిల్డింగు పక్కనే రేకుల కింద ఉంటారంట."

పెద్దాయననే అడుగుదామని, ఇల్లు లేదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. "లేకపోవడమేంది? గోడలుండాయి, పోయి చూసుకో" అని కసిరాడు.

బస్సులో కూర్చున్నాక కూడా ఆ ఒకటో తారీఖు నన్ను వదల్లేదు. ఈ మనిషి ఎక్కడ పడుకుంటాడో ప్రభుత్వానికి తెలుసు. తెలియడమేమిటి, నెలనెలా ఆ బల్ల దగ్గరికే వచ్చి వేలిముద్ర తీసుకుంటోంది. కాగితంలో మాత్రం ఆయన ఇప్పటికీ డోరు నంబరున్న ఇంట్లో ఉన్నాడు. డబ్బు చేరే చిరునామా ఒకటి, మనిషి ఉన్నాడని రాసుకున్న చిరునామా ఇంకొకటి. రెంటికీ మధ్య దూరం ఒక సందు.

మన రాజకీయ భాషలో "ఇల్లు లేని పేదలు" అనే మాటకు ఒక స్థిరమైన అర్థం ఉంది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్ళన్నా, 2006 తర్వాత ఇందిరమ్మ ఇళ్ళన్నా, 2020 డిసెంబరు 25న మొదలుపెట్టి ముప్పై లక్షలకు పైగా పంచామన్న పట్టాలన్నా, ఇప్పుడు పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లన్నా ఆ మాట మారలేదు. దాని లెక్కలో ఇల్లు లేనివాడంటే రేషను కార్డుండి, ఓటుండి, ఏదో ఒక కప్పు కింద తల దాచుకుంటూ సొంతిల్లు లేనివాడు. ఆ అవసరం చిన్నదని నేననను. ఇద్దరు కోడళ్ళు ఒకే గదిలో కాపురం చేసే ఇళ్ళు ఈ మండలంలోనే కావలసినన్ని ఉన్నాయి. కానీ బల్లమీద పడుకునేవాడు ఆ మాటలో ఇమడడు. స్థలం ఉంది కట్టుకో అంటారు. పునాది తాను లేపాలి, పని లేచినకొద్దీ బిల్లు పడుతుంది. ఇల్లు కట్టి చూడు అని వయసులో ఉన్నవాణ్ణే భయపెట్టే సామెత మనది. డెబ్బై దాటినవాడి మొదటి లోడు రాయికి డబ్బులెవరిస్తారు?

ఇలాంటి మనిషికి ఊళ్ళో వేరే మాట ఉంది. నిలువ నీడ లేనివాడంటారు. ఆఫీసు తెలుగులో ఆయనే నిరాశ్రయుడు. ఆ మాట మునిసిపాలిటీల్లో వసతి గృహాల బోర్డులమీద కనిపిస్తుంది, ముందు "పట్టణ" అని తగిలించుకుని. తగిలించడానికి కారణం ఉంది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డులో ఒక తాత్కాలిక షెల్టరును అక్కడి కార్పొరేషన్ పీకేసింది. 2010 జనవరిలో ఆ గొడవ ఆహార హక్కు కేసులో భాగంగా సుప్రీంకోర్టుకెక్కింది. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు, అదీ ఏడాది పొడవునా తెరిచి ఉండేది కట్టాలని కోర్టు చెప్పింది. 2013లో పట్టణ జీవనోపాధుల మిషన్ ఆ మాటను పథకం చేసింది. మనిషికి యాభై చదరపు అడుగులని కొలత కూడా పెట్టింది. మంచి పనే. అయితే ఢిల్లీ చలిలో పుట్టిన పథకం పట్నం పొలిమేర దాటి రాలేదు.

మరి పల్లెల్లో వీళ్ళు లేరా? 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివాళ్ళు 17.73 లక్షల మందని లెక్క తేల్చింది. పట్టణాల్లో 9.38 లక్షలు, పల్లెల్లో 8.35 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 1.45 లక్షలు. సగానికి కాస్త తక్కువ మంది పల్లెల్లో ఉంటే షెల్టరు పథకం మొత్తం పట్నానికి పోయింది. కేంద్రం పల్లెల ఇళ్ళ పథకంలో నీడ లేని కుటుంబాలను జాబితాలో ముందు పెట్టిన మాట నిజమే. అదీ ఇల్లు కట్టుకోమనేదే. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో అది చెప్పదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా లోతు. వాళ్ళు షెల్టరు బల్లమీద పడుకోలేరు. ఎవరి పశువుల కొట్టంలోనో, గుడి వెనకో ఒదుగుతారు. ఆ లెక్కలో ఎంతమంది తప్పిపోయారో ఊహించుకోండి.

పల్లెలో నీడ లేనివాడు కంటికి ఆనకపోవడానికి, నాకు తోచినంతవరకు, కారణం మన కాఠిన్యం కాదు, పరిచయం. పట్నంలో ఫుట్‌పాత్ మీద పడుకున్నవాడు ఎవరో తెలియదు, కాబట్టి వాడు సర్కారు సమస్య అవుతాడు. ఊళ్ళోవాడైతే ఫలానావాళ్ళ నాయన, ఫలానా ఇంటాయన. పేరు తెలిసిన మరుక్షణం ఆ బరువు ఆ పేరుకు పోతుంది. "కొడుకులు చూడాలి గదా" అంటాం. ఇంత సుఖమైన వాక్యం తెలుగులో ఇంకోటి లేదు. అనగానే మన చేతులు కడుక్కున్నట్టే. టీ పోసే ఆవిడ ఒక్కతే ఆ వాక్యం అనలేదని నాకు బస్సు ఎక్కాక గుర్తొచ్చింది.

చట్టమూ ఆ వాక్యాన్నే అంటుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో ముందు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల దాకా ఇప్పించవచ్చు. పెద్దవాళ్ళను వదిలేసినవాళ్ళకు మూడు నెలల దాకా జైలూ ఉంది. ఆస్తి రాయించుకుని ముసలివాళ్ళను గేటు బయట పెట్టే కొడుకులకు అది సరిపోయే చట్టం, అలాంటివాళ్ళకు కొదవా లేదు. ఈ పెద్దాయన కొడుకులు ఏం రాయించుకున్నారు? కూలిన మిద్దె గోడలా? బస్సు రాకముందే, ఆయన కోపం తగ్గాక, కొడుకుల మీద అర్జీ పెట్టుకోవచ్చని అన్నాను. "కన్నబిడ్డల మీద కాయితం పెడతానా?" అని, కాసేపాగి, "వాళ్ళు మాత్రం మేడల్లో ఉండారా" అన్నాడు.

ఆ రెండోమాట మనం వినాలి. రేకుల కింద కాపురముండే ఆ కొడుకులకు రేషను కార్డు హనుమంతునిపాడులో ఉంది, ఓటు ఇక్కడే ఉంది, పడుకునేది మాత్రం పూర్తికాని గోడల పక్కన. గోడలు పూర్తయిన రోజు ఆ చోటు పోతుంది. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాదు మనకు పరాయి రాష్ట్రం కాబట్టి వాళ్ళు అంతర్రాష్ట్ర వలస కార్మికులు కూడా అయ్యారు. అలాంటివాళ్ళకు ఉండడానికి తగిన వసతి చూపాల్సింది కాంట్రాక్టరేనని 1979 నాటి చట్టమే చెప్పింది. ఆ కాంట్రాక్టర్లు ఎవరైనా ఆ చట్టం పేరు విన్నారేమో అడిగి చూడండి. తండ్రి ఇక్కడ బల్లమీద, కొడుకులు అక్కడ రేకుల కింద. నీడ లేని ఒకడి బరువును నీడ లేని ఇంకొకడి నెత్తిన పెట్టి ధర్మం నిలబెట్టామనుకుంటున్నాం.

కొడుకులు ఎందుకు పోయారో ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పాలా? వానలేని నేల, ఎంత లోతుకు దించినా ఉత్తి గాలి కొట్టే బోరు, పడితే ఫ్లోరైడు నీళ్ళు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకీ వాటిలో కృష్ణ నీళ్ళు పారలేదు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు ఈపాటికి మేస్త్రీ అయిపోయి ఉంటాడు. ఒక ప్రాంతం మొత్తాన్ని ఇన్నేళ్ళు ఎండబెట్టి, ఇప్పుడు తండ్రిని చూసుకోలేదని ఆ పిల్లాడి మీద వేలు చూపడం న్యాయం కాదు. ఇది ఆ ఇంటి తప్పయితే ఆ బరువు ఇంటిది. అందరి నిర్వాకం వల్ల జరిగినదైతే అందరిదీ.

పాతరోజుల్లో ఇలా ఉండేది కాదని, సత్రాలూ చావళ్ళూ ఉండేవని నాకు ఉత్తరాలు వస్తాయి, తెలుసు. ఉండేవి. అయితే చావడి మెట్టు ఎక్కే హక్కు ఊళ్ళో అందరికీ ఉండేదా? దోర్నాల ఘాటు ఎక్కి శ్రీశైలం పోయి చూడండి, సత్రాల పేర్లు చదువుకుంటూ నడవండి. చాలావాటి పేరులోనే కులం ఉంటుంది. అవి యాత్రికులకు కట్టినవి, తమవాళ్ళకు కట్టినవి. ఎవరివాడూ కానివాడికి కట్టింది వెతుక్కోవాలి. ఇల్లు లేకుండా ఊరూరా తిరిగేవాళ్ళకు రాజ్యం చూపిన చోటు ఇంకోటి ఉంది. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, 1913లో బాపట్ల పక్కన స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టారు. అలా ముద్రవేసిన చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. 1977లో మనకు యాచక నిరోధక చట్టం వచ్చింది. 2017 నవంబరులో అమెరికా అధ్యక్షుడి కూతురు హైదరాబాదు సదస్సుకు వస్తోందని రోడ్లమీది బిచ్చగాళ్ళను ఏరి చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మన చేతిలో నీడ లేనివాడికి సులువుగా దొరికిన నీడ జైలు గోడది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో ఈ పట్టణ నిరాశ్రయుల కేసే నడుస్తుండగా, ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారు చేస్తున్నామా అని జస్టిస్ గవాయ్ అన్నారు. వాళ్ళను సమాజ ప్రధాన స్రవంతిలోకి తేవాలన్నది ఆయన ఉద్దేశం. దాంతో తగవు లేదు. ఆ పదంతోనే తగవు. షెల్టరు బల్లమీద పడుకున్నవాడు మన దగ్గరనుంచి ఏం తిన్నాడు? ఆయన కొడుకుల రెక్కలతో లేచిన అపార్టుమెంట్లలో ఎవరెవరు తింటున్నారో లెక్కేస్తే ఆ మాట ఎటు తిరుగుతుందో చూసుకోవచ్చు.

నేనడిగేది పెద్దదేం కాదు. మండల కేంద్రానికి ఒక గది. ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, తలుపుకు లోపల గడియ, ఆడవాళ్ళకు వేరే గది. తాళంచెవి పంచాయతీ దగ్గర ఉండాలి, ఏ కులసంఘం దగ్గరా కాదు. రాత్రి తలుపు తట్టినవాణ్ణి కార్డు అడగకూడదు. పిల్లలు లేక మూతబడిన బడి గదులున్న ఊళ్ళు ఎన్నో ఉన్నాయి, కొత్తగా కట్టేపని కూడా లేదు. తాగుబోతులు చేరతారంటారు. వాళ్ళు ఇప్పటికే చేరుతున్నారు, అదే షెల్టరులో, పెద్దాయన కాళ్ళ దగ్గర. సోమరులు తయారవుతారంటారు. గదిలో పడుకున్నందుకు సోమరి అయినవాడు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా? దాతలు దొరికితే కట్టిస్తాం అంటారు. దాత బోర్డుకు పేరు కావాలి, ప్రారంభానికి మంత్రి కావాలి. పంచాయతీ బాధ్యతగా ఉంటే ఆ గదిని అడగొచ్చు. దాత దయగా ఉంటే దండం పెట్టాలి. ఇల్లు లేదా అంటే కసిరిన మనిషి దండం పెట్టి ఆ గదిలోకి పోడు.

ఇదంతా ఎప్పటికో. ఈలోగా ఒక పని మన చేతిలోనే ఉంది. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 2011లో ఇల్లు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి, వాళ్ళు పడుకున్న చోటికే పోయి లెక్కించారు. రోడ్డు పక్కన, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్ళంతా ఆ లెక్కలోకి వస్తారు. వచ్చే ఎన్యూమరేటరు చాలాచోట్ల మీ ఊరి బడి అయ్యవారే అవుతాడు, పగలంతా పాఠం చెప్పి అలసిపోయి ఉంటాడు. మీ ఊళ్ళో ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారో మీకు తెలుసు. టార్చిలైటు తీసుకుని ఆయన వెంట నడవండి. హనుమంతునిపాడు వాళ్ళయితే బస్సు షెల్టరు దగ్గర ఆపండి. ఆయన ఇల్లుందనే అంటాడు. లేదని రాయించండి.