ఆటను నడిపించే మనిషి



చదువులకని, ఉద్యోగములకని మన ఊళ్ల నుండి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబములు చాలా ఉన్నవి. అక్కడ పెరిగే మనుమలు ఫోనులో "తాతయ్యా, మేము రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాము" అంటే ఇక్కడి పెద్దలకు అదేమిటో బోధపడదు. పాచికలు వేస్తారని వింటే జూదమేమోనని భయము. అందులో రాక్షసులు, మంత్రగాళ్లు ఉంటారని వింటే ఇంకా భయము. కాబట్టి ఈ నెల ఆ ఆటను గురించి, ముఖ్యముగా దానిని నడిపించే మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఇది కంప్యూటరు ఆట కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, కాగితము, పెన్సిలు, పాచికలు దగ్గర పెట్టుకొని నోటిమాటతో ఆడే ఆట. ఈ రకము ఆటలలో మొదట అమ్మకానికి వచ్చినది 1974లో అమెరికాలో అచ్చయిన "డంజియన్స్ అండ్ డ్రాగన్స్". గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దానిని తయారుచేశారు. గైగాక్స్ విస్కాన్సిన్ రాష్ట్రములో లేక్ జెనీవా అనే చిన్న పట్టణములో ఉండేవాడు. ఇన్సూరెన్సు ఉద్యోగము పోయిన తరువాత బూట్లు బాగుచేసి ఇల్లు గడుపుకున్నాడు. మొదటిసారి వెయ్యి ప్రతులే వేశారు.

ఆడేవారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర తీసుకుంటారు. ఒకడు సిపాయి, ఒకతె వైద్యురాలు, ఇంకొకడు దారి చూపే వేటగాడు. గేమ్ మాస్టర్ అనే మనిషి మాత్రము మిగిలిన లోకమంతటి తరఫున మాట్లాడతాడు. "మీ ముందు ఏరు పొంగుతున్నది. వంతెన మీద కావలివాడు నిలబడి పోనివ్వనంటున్నాడు. మీరేమి చేస్తారు?" అని అడుగుతాడు. ఒకడు ఈదుదామంటాడు. వైద్యురాలు కావలివానిని బ్రతిమాలుతానంటుంది. అతడు వింటాడో వినడో తెలియదు గనుక అప్పుడు పాచిక వేస్తారు. అది ఇరవై ముఖముల పాచిక. 2014లో వచ్చిన అయిదవ కూర్పు ప్రకారము తేలిక పనికి 10, మధ్యరకము పనికి 15, కష్టమైన పనికి 20 రావాలి. పాచికలో 11 పడి, మాటనేర్పు గల ఆ పాత్రకు మరో 5 కలిస్తే 16. కావలివాడు దారి ఇస్తాడు. ఇందులో డబ్బు లేదు, పందెము లేదు. క్రికెట్టులో టాస్ వేసినట్లే ఈ పాచిక.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. ఆ బల్ల దగ్గర సర్వాధికారము గేమ్ మాస్టరుదే. వాన కురిపించేది అతడే, శత్రువును పంపేది అతడే. కొండచరియ విరిగిపడి అందరూ చచ్చిపోయారని అతడంటే ఆట అక్కడితో సరి. ఇంత అధికారము చేతిలో ఉన్నవాడు దానిని ఎలా వాడతాడన్న దాని మీదనే ఆ ఆట మంచిచెడ్డలు ఆధారపడి ఉన్నవి. అనుభవము గలవారు పాటించే పద్ధతులు కొన్ని చూడండి.

మొదటిది, కథ ముగింపును ముందే నిర్ణయించుకొని రాకూడదు. ఊరు ఎలా ఉన్నది, ఎవరికి ఏమి కావాలి, ఎవరెవరికి పడదు అన్నంతవరకే సిద్ధపరచుకోవాలి. ఆ తరువాత నడక ఆడేవారిది. ఏ దారిన వెళ్లినా చివరికి తాననుకున్న చోటికే లాక్కొని వచ్చేవాని దగ్గర రెండుసార్లు ఆడిన పిల్లలు మూడవసారి నోరు మెదపరు. ఏమి చెప్పినా జరిగేది ఆయన అనుకున్నదేనని వారికి తెలిసిపోతుంది.

రెండవది, పాచిక వేయకముందే "ఇంత రావాలి, రాకపోతే ఇలా జరుగుతుంది" అని చెప్పాలి. తరువాత పడినదానికి కట్టుబడాలి. కొందరు గేమ్ మాస్టర్లు అట్ట అడ్డము పెట్టుకొని దాని చాటున పాచిక వేసి, పిల్లల పాత్ర చచ్చిపోకుండా లెక్క మార్చి చెబుతారు. అది దయే కదా అని వాదించేవారూ ఉన్నారు. మాకు మాత్రము అది మంచిగా తోచలేదు. ఆ సంగతి ఒక్కసారి బయటపడితే అంతకుముందు గెలిచిన గెలుపులన్నీ అబద్ధమైపోతవి. దయ చూపదలచినవాడు కావలివాడు చంపకుండా బంధించి తీసుకొనిపోయాడని కథలోనే చూపవచ్చును.

మూడవది, గట్టిగా మాట్లాడే ఒక్కడే ఆటంతా ఆక్రమించకుండా చూడాలి. మూల కూర్చున్న పిల్లను పేరు పెట్టి, "నీవేమి చేస్తావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేదాకా ఆగాలి. ఆమె చెప్పినది చిన్న పనే అయినా దానివలన కథలో ఏదో ఒకటి మారాలి. అప్పుడే మరుసటిసారి తనంతట తాను మాట్లాడుతుంది.

నాలుగవది, ఈ బల్ల మీదికి ఏ విషయములు రాకూడదో ఆటకు ముందే అందరూ కలిసి చెప్పుకోవాలి. కొన్ని గుంపులలో ఇంటు గుర్తు వేసిన కార్డు ఒకటి బల్ల మధ్యన ఉంచుతారు. దానిని ఎక్స్ కార్డు అంటారు. ఎవరికైనా మనస్సు కష్టపడితే ఆ కార్డును తాకుతారు. ఎందుకని అడగకుండా గేమ్ మాస్టరు ఆ ఘట్టమును దాటించివేస్తాడు. ఇంట్లో ఈమధ్యనే చావు చూచిన పిల్లవాడు అందరి ఎదుట సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

మరి సంఘములు ఈ ఆటను చూచి ఎందుకు భయపడినవని అడుగుతారేమో. 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకడు కనబడకపోతే పత్రికలు దానిని ఈ ఆటకు ముడిపెట్టినవి. కొన్ని వారములకు అబ్బాయి దొరికాడు. అతని బాధలకు మూలము ఈ ఆట కాదని తరువాత తేలినది. అయినా భయము పోలేదు. 1984లో జాక్ చిక్ ఈ ఆట మంత్రవిద్యకు దారి అని "డార్క్ డంజియన్స్" అనే కరపత్రము వేశాడు. అదే సంవత్సరము డిక్ వుల్ఫ్ అనే మరొక క్రైస్తవుడు, పిల్లలు బైబిలు వచనములు కంఠస్థము చేయుటకని "డ్రాగన్ రెయిడ్" అనే ఇటువంటి ఆటనే తయారుచేశాడు. ఒకే విశ్వాసము గల ఇద్దరు ఒకే ఆటను చూచి రెండు దారులు పట్టారు.

ఆ ఆటలో ఏ దోషమూ లేదని మేము చెప్పుట లేదు. ఒకసారి కూర్చుంటే మూడు నాలుగు గంటలు పోవచ్చును. చదువు పాడుచేసుకొనేవారు ఉంటారు. పిల్లల వయస్సుకు తగని కథ చెప్పే గేమ్ మాస్టరూ ఉంటాడు. అందుకే పెట్టె మీది బొమ్మ చూచి తీర్పు చెప్పుటకంటే, నడిపించేది ఎవరో తెలుసుకొనుట మేలు.

ఈసారి మీ మనుమడు ఆ ఆట మాట ఎత్తినప్పుడు మూడు ప్రశ్నలు అడిగి చూడండి. "మీ ఆటను నడిపించేది ఎవరు నాయనా? నీవు వద్దు అన్నప్పుడు ఆయన ఆగుతాడా? పోయినసారి నీవు చెప్పినదానివలన కథలో ఏమి మారినది?" మూడవ ప్రశ్నకు వాడు ఉత్సాహముగా చాలాసేపు జవాబు చెబితే, బల్ల దగ్గర మంచి మనిషే ఉన్నాడని అనుకోవచ్చును. వాడు మాట తప్పిస్తే, ఆ సంగతి మరునాడు వాళ్ల అమ్మా నాన్నలతో నెమ్మదిగా మాట్లాడండి.